పదిహేడో నంబరు టార్చి

జేబులో పెట్టుకున్న టార్చి దానంతటది వెలగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో నన్నడగండి. ఆరేళ్లు నా పొట్ట నిండింది ఆ విద్యతోనే.

స్విచ్చి మీద టేపు అంటించొచ్చు, కానీ చెమటకి ఊడొస్తుంది. వెనక మూత అర చుట్టు వదులుగా ఉంచొచ్చు. నాలుగడుగులు నడిచేసరికి అది ఇంకో అర చుట్టు వదులై బ్యాటరీలు కాళ్ల మీద పడతాయి. బ్యాటరీలు తీసి వేరే జేబులో వేసుకునే తెలివిగలవాళ్లూ ఉన్నారు. అవసరమొచ్చినప్పుడు ఏ జేబో గుర్తుంటే కదా! అన్నిటికంటే నమ్మకమైంది ఒకటే. లోపలుండే రెండు బ్యాటరీల్లో వెనకదాన్ని తలకిందులు చేసి వెయ్యడం. అప్పుడవి అలిగిన మొగుడూ పెళ్లాల్లా వీపుకి వీపు ఆనించి పడుకుంటాయి. స్విచ్చి ఎంత నొక్కినా వెలగదు. వెలుగు కావాలంటే మూత తీసి, వెనక బ్యాటరీ తిప్పి వేసి, మళ్లీ మూత బిగించాలి. చెయ్యి అలవాటైనవాళ్లకి పది లెక్కపెట్టేలోపు పని.

మా ఫ్యాక్టరీలో ఎక్స్‌రే ఫిల్ము తయారవుతుంది. పెద్ద పెద్ద చుట్టల్ని పలకలుగా కోసి, నల్ల కాయితంలో చుట్టి, పెట్టెల్లో సర్దాలి. ఇదంతా చీకట్లోనే. మామూలు చీకటి కాదు. మనకి తెలిసిన చీకట్లో తలుపు సందో, కిటికీ చిల్లో ఎక్కడో ఒకటి ఉంటుంది, కాసేపటికి కళ్లు సర్దుకుంటాయి. కటింగు గదిలో కళ్లు ఎప్పటికీ సర్దుకోవు. పొద్దున్న పదకొండింటికి బయట ఎండ మాడ్చేస్తుంటే, లోపల మీ చెయ్యి మీ మొహానికి ఆనేదాకా మీకు తెలియదు. మేం వెళ్లొచ్చే వైపు ఆ గదికి తలుపు లేదు. మూడు మలుపుల సందు, మలుపు మలుపుకీ నేలదాకా వేలాడే నల్ల తెర. ఆ తెరలు దాటి వెలుతురు రాలేదు. మనుషులు మాత్రం ఎవరైనా రావచ్చు.

లోపల చలి. తడిసిన జిగురు వాసన. పెట్టెలు సర్దే ఇనప రాకుల మీద నంబర్లు రాసి లాభం లేదు కాబట్టి మేకులు కొట్టి ఉంటాయి. ఒక మేకంటే ఒకటో రాకు, రెండు మేకులంటే రెండోది. వేళ్లతో తడిమి చదువుకోవాలి. ఒకరినొకరు గుద్దుకోకుండా నడిచేటప్పుడు నాలికతో చప్పుడు చేస్తారు, ఎవరి చప్పుడు వాళ్లది. కోత మిషను దగ్గరుండే ముసలాయన్ని కత్తెర బాబాయి అంటాం. ఆయన పిల్లిని పిలిచినట్టు చేసేవాడు. మా పిన్నిది రెండు చప్పుళ్లు. చ్చ్... చ్చ్. ఎవరి మీదో జాలిపడుతున్నట్టు.

నా చోటు సందు మొదట్లో, వెలుతురులో. ఒక బల్ల, దాని మీద ఇరవై నాలుగు గళ్ల చెక్క పళ్లెం, గడికో టార్చి. లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ వాళ్ల నంబరు టార్చి తీసి, వెనక బ్యాటరీ తిరగేసి, స్విచ్చి మూడుసార్లు నొక్కి, వెలగట్లేదని చూపించి చేతిలో పెట్టాలి. బయటికొచ్చేటప్పుడు తిరిగి తీసుకోవాలి. ఏ ప్రమాదమో జరిగితే బయటపడటానికే ఆ టార్చి. మామూలు రోజున అది పొరపాటున వెలిగిందంటే మాత్రం, బల్ల మీద పరిచి ఉన్న ఫిల్మంతా నల్లబడి చెత్తలోకే. జేబు గుడ్డలోంచి వచ్చే వెలుగైనా చాలు.

నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటికి రెండేళ్ల పిల్లని చంకనేసుకుని వచ్చిన పిన్ని, రెండో చంకలో నన్నేసుకుని వెళ్లింది. ఆవిడ కూతురే నాకు చెల్లెలు. ఇరవై రెండేళ్లు పిన్ని ఆ చీకట్లో పనిచేసింది. మోకాళ్లకి నొప్పుల మందు రాసుకుని వచ్చేది. ఆ ఘాటు తగలగానే లోపలున్నవాళ్లు "వచ్చిందమ్మా మహాతల్లి" అనేవాళ్లు. "వెలుతురులో నాకు పని రాదే, కళ్లు అడ్డమొస్తాయి," అనేది.

పిన్నికి ఒక్కటే చెడ్డ అలవాటు. బాత్‌రూముకి వెళ్లే సందు కూడా చీకటే. అక్కడ కాలు జారుతుందని బ్యాటరీ సరిగా తిప్పుకుని టార్చి వెలిగించేది. తిరిగొచ్చాక మళ్లీ తిరగెయ్యడం మర్చిపోయేది. బల్లకి ఆనుకుని వంగేసరికి జేబులో స్విచ్చి నొక్కుకుపోయేది. రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి సూపర్‌వైజరు నా బల్ల దగ్గరికొచ్చాడు. చీకట్లో అడుగు చప్పుడు లేకుండా తిరుగుతాడని ఆయన్ని గుడ్లగూబ అంటాం, ఎదురుగా సార్ అంటాం.

"మూడోసారి జరిగితే ఆవిడా ఉండదు, నువ్వూ ఉండవు. చుట్టాలని చూసీచూడనట్టు వదిలేస్తున్నావని రాస్తాను," అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్న టార్చి ఇస్తూ పిన్నికి మెల్లగా చెప్పాను. "బాత్‌రూముకి వెళ్లొస్తే బ్యాటరీ మళ్లీ తిరగెయ్ పిన్నీ. మర్చిపోకు."

ఆవిడ మెల్లగా విని ఊరుకునే మనిషా? వెనక వరసలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది. "చూశారా, నేను ముక్కు తుడిచి పెంచిన పిల్ల నాకు బ్యాటరీ తిప్పడం నేర్పుతోంది!"

"దాన్నేమనకమ్మా. గుడ్లగూబ ఎక్కడ పొడుస్తుందోనని బెంగ పాపం," అన్నాడు కత్తెర బాబాయి.

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. పిన్ని అటు తిరిగి నవ్వుతూనే ఉంది. నా చేతులు నా బల్ల మీద వాటి పని అవి చేశాయి. నల్ల కాయితం ముక్క ఒకటి, చొక్కా గుండీ అంత, గుండ్రంగా కత్తిరించాను. పిన్నిది పదిహేడో నంబరు, ఆ టార్చి గొట్టంలో అడుగుకంటా తోశాను, బల్బుకీ ముందు బ్యాటరీకీ మధ్య. దాని మీద బ్యాటరీలు వేసి మూత బిగించాను. ఇక వెనక బ్యాటరీ ఎన్నిసార్లు తిప్పినా ఒకటే. మూడుసార్లు నొక్కి చూపించాను. వెలగలేదు. పిన్ని జేబులో వేసుకుని లోపలికి వెళ్లింది. తెరల వెనకనుంచి చ్చ్... చ్చ్ అని వినిపించింది.

బాత్‌రూముకి బయల్దేరి, టార్చి వెలగకపోతే నా దగ్గరికొచ్చి తిడుతుందనుకున్నాను. తిట్టాక చెబుదామనుకున్నాను. అప్పుడు నిజంగా అలా అనుకున్నానో, అలా అనుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నానో, నాకే తెలియదు.

పదకొండూ పదికి సైరన్ మోగింది.

చల్లబరిచే యంత్రం గొట్టం పగిలి అమ్మోనియా గ్యాసు బయటికొచ్చింది. అదీ సరిగ్గా సందు వైపే. సైరన్ మోగితే కరెంటు దానంతటదే పోతుంది. లోపలున్న ఆరుగురూ వెనక తలుపునుంచి రావాలి. రాకుల మధ్య వంకరటింకర దారి, ఏడాదికోసారైనా ఎవరూ నడవరు. నన్నూ, మిగతావాళ్లనీ ముక్కుకి గుడ్డలు కట్టించి వెనకవైపుకి తరిమారు. తలుపు తెరిచి ఉంది. లోపల చీకట్లో చిన్న చిన్న వెలుగులు ఊగుతూ వస్తున్నాయి. నా పని లెక్కపెట్టడం కదా, లెక్కపెట్టాను.

అయిదు వెలుగులు.

"పదిహేడు రాలేదు!" అని అరిచాను. పిన్ని అని అరవలేదు. పదిహేడు అని అరిచాను. దగ్గుతూ బయటపడ్డ కత్తెర బాబాయి, "నా వెనకే ఉందనుకున్నానే," అన్నాడు. మాస్కులు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

మూడో రాకు పక్కన దొరికింది. తలుపు అక్కడికి ఇరవై అడుగులు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో దాని మూత.

టార్చి తెచ్చి నా పళ్లెంలోనే పెట్టారు. నంబర్లు సరిచూడమన్నారు. చుట్టూ జనం. బల్ల కిందికి వంగి, బ్యాటరీలు ఒళ్లోకి వంపి, జడపిన్ను తీసి, గొట్టంలోకి దించి ఆ కాయితాన్ని గుచ్చి బయటికి లాగాను. ఎక్కడ పడెయ్యను? నోట్లో వేసుకున్నాను. నమిలాను. మింగేశాను. రసాయనం చేదు. ఆ తర్వాత విచారణకి పెద్దవాళ్లొచ్చి టార్చిలో బ్యాటరీ సరిగా వేసి నొక్కారు. తెల్లగా వెలిగింది.

"టార్చి బాగానే ఉంది. మనిషే కంగారుపడింది," అని రాసుకున్నారు.

ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని ఒక్క ముక్కలో తేల్చేశారు. కంగారు. ఆ మాట ఇంట్లో, వీధిలో, ఫ్యాక్టరీలో తిరిగి తిరిగి మా చెల్లి నోట్లోకి కూడా వచ్చింది. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "మిగతా అయిదుగురూ తిప్పుకున్నారు కదక్కా. మా అమ్మకే చేత కాలేదు," అంది. నేను మజ్జిగ పోశాను.

తల్లి ఉద్యోగం చెల్లికిచ్చారు. పంతొమ్మిదేళ్లు దానికి. మొదటిరోజు నా బల్ల దగ్గర నిలబడి, "అమ్మది నాకియ్యి," అంది. వేరే నంబరు ఇస్తానన్నాను. కొత్తది ఇస్తానన్నాను.

"ఏం, దానికేమైంది? బాగానే ఉందన్నారుగా!"

ఇచ్చాను. వెనక బ్యాటరీ తిరగేసి, ఒకటికి పదిసార్లు నొక్కి చూసి ఇచ్చాను.

ఆ రోజే ఫిల్ము పాడైంది. చెల్లి జేబులో టార్చి వెలగడం లోపలున్న అందరూ చూశారు. బయటికి తెచ్చి మూత తీశాను. వెనక బ్యాటరీ నేను వేసింది వేసినట్టే తలకిందులుగా ఉంది. అలా ఉంటే వెలగదు. ఆరేళ్లుగా నేను చూసిన టార్చిల్లో ఒక్కటీ వెలగలేదు.

మూడోరోజు మళ్లీ వెలిగింది.

"నేను ముట్టుకోలేదక్కా. ఒట్టు. చెయ్యి జేబులో పెట్టనే లేదు. అదే వేడెక్కింది," అంది చెల్లి.

గుడ్లగూబ ఇద్దర్నీ నిలబెట్టాడు. "లోపల బ్యాటరీ తిప్పి ఆడుకుంటోంది, పట్టుబడగానే మళ్లీ తిరగేస్తోంది. లేదంటే టార్చిలోనే ఏదో ఉండాలి. తేల్చేద్దాం. రేపు భోజనాల టైములో గది ఖాళీ. నువ్వు ఈ టార్చి జేబులో వేసుకుని అరగంట కూర్చో. బల్ల మీద ఒక పలక పరిచి పెడతాను. అది నల్లబడితే తప్పు టార్చిది. లేకపోతే మీ చెల్లి ఇంటికి."

చెల్లి నా మొహంలోకి చూసింది. ఇంట్లో మేమిద్దరమే. ఆ ఉద్యోగం దానికి వాళ్లమ్మ వదిలి వెళ్లిన ఒకే ఒక్క వస్తువు. నేను ధైర్యంగా తలూపాను. ఎందుకంటే నా దగ్గర ఉపాయం ఉంది. చీకట్లో నన్ను చూసేదెవరు? బ్యాటరీ సరిగా తిప్పి, ఒక్కసారి వెలిగించి, మళ్లీ తిరగేస్తే సరి. ఫిల్ము నల్లబడుతుంది, చెల్లి మిగులుతుంది, నేను నోరు విప్పక్కర్లేదు. నిజం చెప్పకుండా దాన్ని కాపాడొచ్చని ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మర్నాడు ఒంటిగంటకి కొత్త బ్యాటరీలు వేసుకుని లోపలికి వెళ్లాను. మొదటి తెర. రెండో తెర. మూడో తెర. బయట గుడ్లగూబ టీ గ్లాసు చప్పుడు తెగిపోయింది.

ఆరేళ్లలో ఆ గదిలోకి నేను వెళ్లింది నాలుగైదుసార్లే. గోడ పట్టుకుని బల్ల దాకా వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. మిషన్లు ఆపేసి ఉన్నాయి. ఎక్కడో నీటి బొట్టు పడుతోంది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. జిగురు వాసన. చలి కోటు చేతుల్లోంచి పైకి పాకుతోంది.

రెండు వందలు లెక్కపెట్టాను. టార్చి తీశాను. మూత తిప్పాను. బ్యాటరీ తిప్పి వేశాను. మూత బిగించాను. నొక్కాను.

వెలగలేదు.

సరిగా పడలేదనుకున్నాను. మూత తీశాను. వేలితో తడిమాను. మొన ముందుకే ఉంది. సరిగానే ఉంది. బిగించి నొక్కాను.

వెలగలేదు.

రెండు బ్యాటరీలూ తీసి, కోటుకి తుడిచి, మళ్లీ వేశాను. నొక్కాను. స్విచ్చి టిక్కుమంది. అంతే. చేతులకి చెమట పట్టింది. ఒక బ్యాటరీ జారి కింద పడి దొర్లింది. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడిమాను. దొరికింది. వేశాను. మూత మర మీద కూర్చోవట్లేదు... కూర్చుంది. కిర్ర్... కిర్ర్... బిగించాను. నొక్కాను.

లేదు.

మళ్లీ మూత తియ్యబోతూ ఆగాను.

నేను ఆగాను. చప్పుడు ఆగలేదు.

కిర్ర్... కిర్ర్...

కాస్త దూరంలో. నా నడుమంత ఎత్తులో. ఎవరో మూత తిప్పుతున్నారు. నిదానంగా. బ్యాటరీ అరచేతిలో పడ్డ చప్పుడు. మళ్లీ గొట్టంలోకి జారిన చప్పుడు. మూత. కిర్ర్... కిర్ర్... టిక్కు.

చీకటి.

మళ్లీ మొదటినుంచి. కిర్ర్... కిర్ర్...

"ఎవరు?" అన్నాను.

చప్పుడు ఆగింది. అప్పుడు...

చ్చ్... చ్చ్.

నేను లేచాను. సందు ఎటు? నేల మీద పాకి పాకి దిక్కు పోగొట్టుకున్నాను. చెయ్యి చాచి నాలుగడుగులు వేశాను. గోడ తగలాలి. తగల్లేదు. ఇంకో నాలుగు. ఇనుము తగిలింది. చల్లగా. వేళ్లు వాటంతటవే తడిమాయి.

ఒక మేకు.

రెండు మేకులు.

మూడు.

ముక్కులోకి నొప్పుల మందు ఘాటు కొట్టింది. దాని కిందే ఇంకో వాసన... కళ్లు మండేది, గొంతు మూసుకుపోయేది. దగ్గు వచ్చింది. చేతులు మాత్రం ఆగట్లేదు. మూత తీస్తున్నాయి, బ్యాటరీ తిప్పుతున్నాయి, బిగిస్తున్నాయి, నొక్కుతున్నాయి. నేను తిప్పినప్పుడల్లా పక్కన తిప్పుతున్నారు. ఇద్దరి మూతలూ ఒకేసారి కిర్రుమంటున్నాయి. ఒకేసారి టిక్కుమంటున్నాయి.

"వెలగట్లేదే..." చెవి పక్కనే. ఏడుపు కాదు. కోపం కాదు. నిజంగానే అర్థంకానట్టు. "సరిగానే వేశానే... ఎందుకు వెలగట్లేదే?"

"పిన్నీ..."

"ఎందుకు వెలగట్లేదే?"

"కాయితం పిన్నీ! నల్ల కాయితం పెట్టాను నేను! నువ్వు తిప్పినా వెలగదు, ఎన్నిసార్లు తిప్పినా వెలగదు, ఇంక తిప్పకు పిన్నీ!"

పక్కన మూత చప్పుడు ఆగింది. వాసన కూడా తెగిపోయింది. చాలాసేపటికి, ఈసారి దూరంగా, గొంతు మళ్లీ వచ్చింది.

"ఏ కాయితం?"

చెప్పాను. అప్పటికి నాలో అడ్డు ఏదీ మిగల్లేదు. అందరూ నవ్వారని చెప్పాను. గుడ్లగూబ బెదిరించాడని చెప్పాను. బల్బు కింద తోశానని చెప్పాను.

"తర్వాత?"

"తీసేశాను. మింగేశాను. ఎవరికీ తెలియదు."

"మింగేశావా?" అంది గొంతు. కొంచెం ఆగి అంది, "మింగేశావా అక్కా?"

పిన్ని నన్ను అక్కా అని ఎందుకంటుంది?

సందు వైపునుంచి అడుగులు వచ్చాయి. వేడిగా ఉన్న చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది. నన్ను నడిపించింది. మూడో తెర దాటాక సన్నగా వచ్చిన వెలుతురులో చెల్లి మొహం కనిపించింది. తల్లి పోయిన రోజు కూడా దాని మొహం అలా లేదు.

"నీకు చీకటంటే భయమని వచ్చాను," అంది. "సార్ అటు వెళ్లగానే వచ్చాను. ఒక్కదానివే ఉన్నావని."

"అయితే... మూత తిప్పింది నువ్వేనా? ఆ చప్పుడు... చ్చ్ చ్చ్ అని..."

"నా దగ్గర టార్చి ఎక్కడుంది? నేను మూడో తెర తీసేసరికి నువ్వు కాయితం అని అరుస్తున్నావు." నా చెయ్యి వదిలేసి, తన చేతిని కోటుకి తుడుచుకుంది. "నేను విన్నది నిన్నొక్కదాన్నే."

గుడ్లగూబ పలకని కడిగించి దీపానికి అడ్డంగా పట్టి చూశాడు. మచ్చ లేదు. అద్దంలా ఉంది.

"టార్చి బంగారం. పిల్లదే కుదురు లేదు. తల్లి పోలిక," అన్నాడు.

చెల్లి ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఎదురుచూసింది. నేను ఒక్క మాటంటే చాలు. ఇద్దరు మనుషుల పేరు నిలబడేది. నేను పళ్లెంలో ఖాళీగా ఉన్న గడి వైపు చూస్తూ నిలబడ్డాను. పదిహేడు అన్న అంకె మీద రంగు పెచ్చులూడింది. ఆ పెచ్చుల వైపే చూస్తూ నిలబడ్డాను.

చెల్లి కోటు విప్పి బల్ల మీద పెట్టింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి బట్టలు సంచిలో సర్దుకుంటోంది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. "చెప్పెయ్యి. వెళ్లి అందరికీ చెప్పు. కత్తెర బాబాయికి చెప్పు. పోలీసులకి చెప్పు. నీ ఇష్టం."

"చెప్పను."

"ఎందుకే?"

"చెబితే నీకు తేలికైపోతుంది." సంచి భుజానికేసుకుంది. "తప్పుకో."

తప్పుకున్నాను. వీధి మలుపు దాకా అది వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఎక్కడుందో తెలియదు. నేను రోజూ పొద్దున్నే వెళ్లి బ్యాటరీలు తిరగేసి, స్విచ్చి మూడుసార్లు నొక్కి, జనం చేతుల్లో పెడుతూనే ఉన్నాను. పదిహేడో నంబరు అచ్చిరాలేదని ఎక్కడో పడేశారనుకున్నాను, దాన్ని చెల్లి తెచ్చుకుందని ఇవాళే తెలిసింది. ఎలాగంటే, పక్క దులిపితే నా దిండు కింద దొరికింది.

మూత తిప్పాను. లోపల బ్యాటరీలు లేవు. తీసేసి వెళ్లింది, మంచిదే అనుకున్నాను. ఖాళీ గొట్టం కదా అని బోర్లించి అరచేతిలో కొట్టాను.

ఒక కాయితం ముక్క పడింది.

నల్లది. చొక్కా గుండీ అంత, గుండ్రంగా. చెల్లి కావాలనే కత్తిరించి పెట్టి ఉంటుంది, నన్ను ఏడిపించడానికి. దానికి ఆ హక్కుంది. అలా అనుకుని వేళ్ల మధ్య పట్టుకున్నాను. తడిగా ఉంది. పదకొండు రోజులు గొట్టంలో ఉన్న కాయితం... తడిగా, వెచ్చగా. అంచున నమిలిన గాట్లు. సరిగ్గా మధ్యలో జడపిన్ను గుచ్చిన చిల్లు.

నమిలి మింగానని చెల్లికి చెప్పాను. పిన్ను సంగతి చెప్పలేదు. చీకట్లో పిన్నికి కూడా చెప్పలేదు.

కాయితాన్ని ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడే పెట్టేశాను, గొట్టం అడుగున. మూత బిగించి టార్చిని కోటు జేబులో వేసుకున్నాను. అది ఇంట్లో ఎక్కడో ఉండటం కంటే నా ఒంటి మీద ఉంటేనే నయమనిపించింది. తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను. చెల్లి చెప్పనంది కాబట్టి నేనే చెప్పాలి. ఇవాళ కాకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను.

మొదటి పేజీ సగంలో ఉండగా కరెంటు పోయింది. వీధంతా పోయింది. ఇంకా రాలేదు. లేచి కొవ్వొత్తి వెతుక్కోవాలని కూడా తోచలేదు నాకు. కోటు జేబు మాత్రం వెచ్చగా ఉంది. ఇప్పటికి ఏడు పేజీలు రాశాను.

అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి.